నల్ల ఇసుక, తెల్ల రంగు



సంక్రాంతి ముందు ఇళ్లకు వెల్ల వేసే రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. గాబులో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేవి. చల్లారాక గుడ్డలో వడగట్టేవాళ్లం. అంతా అయ్యాక మా అమ్మమ్మ కొంగు ముడి విప్పి ఒక చిన్న మూట తీసేది. అందులో నీలిమందు. ఆ మూటను సున్నప్పాలలో రెండుసార్లు ముంచి తీసేది, అంతే. కాస్త ఎక్కువైతే గోడ నీలంగా తేలిపోతుంది, తక్కువైతే పసుపు కొడుతుంది. సున్నంలో మిగిలిన ఆ పసుపు ఛాయను నీలం కొట్టేస్తుందనీ, అందుకే మన కంటికి తెలుపు మరింత తెల్లగా కనిపిస్తుందనీ నేను చదువుకున్నది తర్వాత. ఆవిడకు చెయ్యి చెప్పేది.

ఈ రోజు ఆ మూటలోని పొడి గురించీ, దాని చుట్టాల గురించీ మాట్లాడుకుందాం. మన్ను నుంచి, రాయి నుంచి, లోహం నుంచి పుట్టే రంగులు ఇవి. పుస్తకాల్లో అకర్బన వర్ణకాలు అంటారు. నేను రంగు పొడులు అనే అంటాను. వీటికో ప్రపంచ బజారు ఉంది. ఆ బజారులో మన తీరం ఇసుక కూడా ఉంది. నా ప్రసంగం చివరికి అక్కడికే వస్తుంది.

చీరకు అద్దే రంగు నీళ్లలో కరిగి నూలులోకి దిగుతుంది. రంగు పొడి కరగదు. సున్నంలోనో నూనెలోనో జిగురులోనో కలిసి గోడ మీద పొరలా కూర్చుంటుంది. ఎండకు వెలవదు, వానకు కారదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మల ఎరుపులూ పసుపులూ ఈనాటికీ కనిపిస్తున్నాయంటే, అవి మన్ను రంగులు కాబట్టే. తెలంగాణ పల్లెల్లో గద్దెలకూ అరుగులకూ పూసే జాజు కూడా అదే కుటుంబం. కావి, జేగురు, జాజు, ఇంగిలీకం, హరిదళం, సింధూరం... ఎన్ని పేర్లో చూడండి. ఇంత ముచ్చటైన పేర్లలో కొన్నింటి వెనక విషం ఉంది. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో పాషాణం, సింధూరంలో సీసం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు నీలం. నీలి మొక్క నుంచి తీసే నీలి వేరు. అమ్మమ్మ మూటలో ఉన్నది అల్ట్రామెరీన్. ఆ పేరుకు సముద్రం ఆవలి నుంచి వచ్చినది అని అర్థం. ఒకప్పుడు అది ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండల్లో, సర్-ఎ-సంగ్ గనుల్లో మాత్రమే మేలైనది దొరికేది. మన రత్నశాస్త్రాలు రాజావర్తం అన్న రాయి అదే. దాన్ని నూరి, కడిగి, నీలాన్ని వేరుచేసి ఐరోపా చిత్రకారులకు అమ్మేవారు. బంగారంతో పోటీపడే ధర. అందుకే వాళ్లు దాన్ని మేరీమాత పైట కోసం దాచుకునేవారు.

1824లో ఫ్రాన్స్‌లో పరిశ్రమలను ప్రోత్సహించే ఒక సంఘం 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. గనితో పని లేకుండా ఈ నీలాన్ని చేయాలి, కిలో 300 ఫ్రాంకులకు మించకూడదు. 1828లో జాన్ బాప్టిస్ట్ గిమే ఆ బహుమతి గెలిచాడు. అదే కాలంలో జర్మనీలో గ్మెలిన్ అనే ఆచార్యుడూ సొంతంగా సాధించాడు. ఇందులో వేసే సరుకులు వినండి: పింగాణీ మట్టి, సోడా, గంధకం, బొగ్గు. ఈ నాలుగూ అరుదైనవి కావు. వీటిని సరైన పాళ్లలో కలిపి, సరైన వేడిలో, సరైనంతసేపు కాల్చాలి. ఆ నీలం ఏ లోహానిదీ కాదు. స్ఫటికం పంజరంలో చిక్కుకున్న గంధకానిది. కాల్చడంలో తేడా వస్తే పంజరం కుదరదు, నీలం రాదు.

ఆ తర్వాత ధర పడిపోయింది. మేరీమాత పైట నీలం మా అమ్మమ్మ కొంగు ముడిలోకి వచ్చింది. రాణులు కట్టని రంగు చాకిరేవుకు చేరింది. 1960లో మద్రాసులో మొదలైన ఒక కంపెనీ అంబత్తూరులో, రాణిపేటలో ఈ నీలం తయారుచేసి ఇప్పటికీ దేశదేశాలకు ఎగుమతి చేస్తోంది. అంటే నీలం సంగతిలో రాయి ఎవరిది అన్న ప్రశ్నే పోయింది, పని ఎవరికి వచ్చు అన్న ప్రశ్న మిగిలింది. రంగు పొడుల బజారు మొత్తం ఈ రెండో ప్రశ్న మీదే నడుస్తోందని నా నమ్మకం. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ దృష్టితోనే వినండి.

ఎరుపు గురించి క్లుప్తంగా చెబుతాను. ఎరుపంటే ఇనుప తుప్పు. ఇంటి గేటుకు మొదట పూసే రెడాక్సైడ్, పాత ఇళ్లలో అద్దంలా మెరిసే ఎర్ర గచ్చు, ఇప్పుడు ఫుట్‌పాత్‌ల మీద పరుస్తున్న రంగు ఇటుకలు, అన్నింటిలో అదే. నిజానికి భూమి మీద తుప్పుకు కరువేమీ లేదు. బేతంచెర్ల వైపు పసుపు మట్టి గనులే ఉన్నాయి. అయినా కంపెనీలు తుప్పును పనిగట్టుకుని తయారుచేస్తాయి. ఎందుకంటే రేణువు పరిమాణాన్ని బట్టి ఎరుపు మారిపోతుంది. మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటే నారింజ వైపు మొగ్గే ఎరుపు వస్తుంది. దానికి పదింతలు పెరిగితే ఊదా వైపు మొగ్గుతుంది. పదార్థం ఒక్కటే, రసాయన సూత్రం ఒక్కటే, రంగులు మాత్రం రెండు. గనిలో తవ్విన మన్నులో రేణువులు అన్ని సైజులూ కలిసి ఉంటాయి. ప్రతి బస్తా అచ్చంగా ముందు బస్తాలాగే ఉండాలని అడిగేవాడికి అది పనికిరాదు. 1925 ప్రాంతంలో జర్మనీలోని క్రేఫెల్డ్‌లో లౌక్స్ అనే రసాయనవేత్త, అద్దకం పరిశ్రమకు అనిలీన్ చేస్తుంటే మిగిలే ఇనుప బురదను ఏ సైజు కావాలంటే ఆ సైజు రంగు పొడిగా మలిచాడు. ఒకరి చెత్త ఇంకొకరి సరుకైంది. ఆ ఊళ్లో ఆ రంగు ఇప్పటికీ తయారవుతోంది. పరిమాణంలో మాత్రం ఇప్పుడు చైనాదే పైచేయి.

పసుపు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో ముడిపడ్డ రంగు.

సీసమూ క్రోమియమూ కలిసిన లెడ్ క్రోమేట్ అనే పొడి ఉంది. నిమ్మపండు పసుపు మొదలు నారింజ దాకా ఎంతో నిండైన రంగు, ధర తక్కువ, బాగా కప్పుతుంది. రోడ్డు మీద గీతలకూ యంత్రాలకూ వాడేవారు. ఇది కడుపులోకి వెళితే సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. తిరిగి బాగుచేయలేని నష్టం అది. ఇప్పుడు పసుపు కొమ్ముల సంగతి. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడితేనే కొమ్ముకు మెరుపు వస్తుందని దుగ్గిరాల, నిజామాబాద్ రైతులకు నేను చెప్పనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి రంగు చెడిన పసుపును అమ్ముకోవడానికి కొందరు వ్యాపారులు ఆ పాలిష్‌లో లెడ్ క్రోమేట్ కలపడం మొదలుపెట్టారు. అది అలవాటైపోయింది. గర్భిణుల రక్తంలో సీసం ఎందుకుందని వెతుకుతూ వెళ్లిన పరిశోధకులు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారూ ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ వారూ, చివరికి వంటింటి పసుపు డబ్బా దగ్గర తేలారు. 2019లో ప్రభుత్వం కదిలింది. టోకు బజారుపై దాడులు చేసి, వ్యాపారులకు జరిమానా వేసి, ఆ వార్తను ఊరూరా చాటింది. 2019లో బజారు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికితే, 2021లో ఒక్కదానిలోనూ దొరకలేదు. రెండేళ్లు. తలుచుకుంటే ఎంత త్వరగా అయ్యే పనో చూడండి.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్లకు మించరాదని 2016లో నియమం చేశారు, 2017 నవంబరు నుంచి అమలు. రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో ఒకసారి చదవండి. పసిపిల్లలున్న ఇల్లయితే తప్పకుండా చదవండి. పాత తలుపుల రంగును గీకేటప్పుడు పొడిగా గీకకండి, తడిపి గీకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఈ మాట చెప్పడానికే మైకు ముందు కూర్చున్నా నాకు చాలు.

సీసం పోతే ఆ పసుపు ఎక్కడి నుంచి రావాలి? బిస్మత్ వనడేట్ అనే పొడి నుంచి. చక్కని రంగు, సీసం లేదు. కానీ బిస్మత్ లోహంలో ఎక్కువ భాగం వచ్చేది చైనా నుంచి. 2025 ఫిబ్రవరిలో చైనా మరో నాలుగు లోహాలతో పాటు బిస్మత్ ఎగుమతి మీద ఆంక్ష పెట్టింది. ధర ఆకాశాన్నంటింది. అదే నెలలో కాంగో దేశం కోబాల్టు ఎగుమతులు ఆపేసింది. ప్రపంచపు కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగా అక్కడిదే. కోబాల్టు అనగానే ఇప్పుడు అందరికీ బ్యాటరీలే గుర్తొస్తాయి. పింగాణీ కప్పు మీద నీలి పువ్వు, గోడ టైలు మీద నీలి గీత కూడా కోబాల్టే. సెల్‌ఫోనుతో పోటీపడి గెలవలేని పువ్వు అది.

రంగు ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో చెప్పే ఉదంతం ఇంకొకటి. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. ఫుకుషిమా ప్రాంతంలోని ఒనహామాలో మెర్క్ అనే జర్మన్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. కారు రంగులో ఎండపడితే నక్షత్రాల్లా మిణుకుమనే జిరాలిక్ అనే పొడి ప్రపంచం మొత్తం మీద అప్పుడు అక్కడే తయారయ్యేది. ఫ్యాక్టరీ ఆగింది. వారాలు తిరక్కుండానే అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఒక నలుపూ కొన్ని ఎరుపులూ ఉన్న కార్లకు ఆర్డర్లు తీసుకోవద్దని డీలర్లకు చెప్పింది. ఇంజను ఉంది, చక్రాలున్నాయి, మెరుపు లేదు. తర్వాత మెర్క్ జర్మనీలోనూ ఆ పొడి తయారీ పెట్టుకుంది.

అలాంటి మెరుపుల్లో ఎక్కువ భాగానికి ఆధారం అభ్రకం, మన కాకిబంగారం. పలచని అభ్రకం రేకు మీద ఇంకా పలచని టైటానియం పొర ఎక్కిస్తే ముత్యపు మెరుపు వస్తుంది. పొర మందం మారితే రంగు మారుతుంది. పెదవుల రంగులో, కనురెప్పల రంగులో, కారు మీద ఉండేది అదే. నెల్లూరు జిల్లా గూడూరు అభ్రకం ఒకనాడు ఓడలెక్కి దేశాలు తిరిగింది. అటు జార్ఖండ్‌లో కోడర్మా, గిరిడీహ్ అడవుల్లో వదిలేసిన గనుల్లో పసిపిల్లలు అభ్రకం ఏరుతున్నారని లోకమంతా రాశాక, 2017లో కొనుగోలు కంపెనీలు కలిసి బాధ్యతగల అభ్రకం పేరిట ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఆ పిల్లలు బడికి చేరేదాకా ఆ మెరుపును నేను సంతోషంగా చూడలేను.

ఇక తెలుపు.

అన్నిటికన్నా సాదాగా కనిపించే ఈ రంగే బజారులో అన్నిటికన్నా పెద్దది. పెయింటు, ప్లాస్టిక్ పైపు, కాగితం, టూత్‌పేస్టు, మాత్ర మీద పూత, ఎక్కడ తెలుపుంటే అక్కడ టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. తిండిలో దీన్ని వాడటం సురక్షితమని ఇక చెప్పలేమని నిపుణులు తేల్చాక, ఐరోపా సమాఖ్య 2022లో ఆహారంలో దీన్ని నిషేధించింది. పెయింటులో మాత్రం దీనికి సాటి లేదు. ఇది రాకముందు తెలుపంటే సఫేదా, అంటే సీసపు తెలుపు. పెయింటర్ల నరాలు చచ్చుబడేవి. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ దాని మీద ప్రత్యేకంగా ఒప్పందం చేయాల్సి వచ్చింది. దాన్ని పక్కకు నెట్టిన కొత్త తెలుపు 1916లో నార్వేలోనూ అమెరికాలోని నయాగరా దగ్గరా అమ్మకానికి తయారైంది. ఆ పొడి రేణువు వెలుగును వజ్రం కంటే ఎక్కువ వంచుతుంది. దాన్ని మిల్లీమీటరులో నాలుగువేలో వంతు సైజులో చేస్తే వచ్చిన వెలుగునంతా వెనక్కి చిమ్ముతుంది. మనం రెండు పూతలు వేస్తే కింది మరక కనిపించకపోవడానికి కారణం అదే.

ఆ తెలుపు దేనిలోంచి వస్తుంది? నల్ల ఇసుకలోంచి. 1791లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి గురువు వాగులో దొరికిన నల్ల ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకూ తెలియని లోహం, అంటే ఈ టైటానియం, ఉందని పట్టుకున్నాడు. అలాంటి నల్ల ఇసుక మన తీరంలోనూ ఉంది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా ఒడ్డున నడిచినవాళ్లు చూసే ఉంటారు, తెల్లని ఇసుకలో కాటుక దిద్దినట్టు నల్లని చారలు. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు ఎండకూ వానకూ చితికి, వంశధార, నాగావళి మోసుకొచ్చి సముద్రంలో కలిపితే, కెరటం చేటలా చెరుగుతుంది. తేలికైన ఇసుక పోతుంది, టైటానియం ఉండే బరువైన నల్ల ఖనిజం ఇల్మనైట్ ఒడ్డున నిలుస్తుంది. దానితో పాటు గార్నెట్, జిర్కాన్, థోరియం ఉండే మోనజైట్ కూడా. అణు ఖనిజం కలిసి ఉంది కాబట్టి 2019లో కేంద్రం ఈ ఇసుక తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది.

ఇసుకను ఇసుకగా అమ్మితే టన్నుకు కొన్ని వందల డాలర్లు. తెల్లపొడిగా చేసి అమ్మితే రెండు మూడు వేల డాలర్లు. మధ్యలో ఉన్నదే పని. ఆ పనికి రెండు దారులు. పాత దారిలో ఇసుకను గాఢ గంధకామ్లంలో కరిగిస్తారు. టన్ను తెలుపుకు కొన్ని టన్నుల అన్నభేది మిగులుతుంది. అవును, నాటువైద్యులు వాడే ఆ అన్నభేదే, ఫెర్రస్ సల్ఫేట్. దాన్ని కాల్చి ఎర్ర రంగు కూడా చేస్తారు. కొత్త దారిలో క్లోరిన్ వాయువుతో ఎర్రని వేడిలో టైటానియాన్ని ఆవిరిగా లేపి, శుద్ధిచేసి, మళ్లీ మండిస్తారు. శుభ్రమైన దారి, చాలా కష్టమైన దారి. డ్యూపాంట్ కంపెనీ దశాబ్దాల పాటు దాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఆ రహస్యాన్ని చైనా ప్రభుత్వ రంగ కంపెనీకి అమ్మాడని రుజువై, 2014లో కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరుకు 15 ఏళ్ల జైలు పడింది. తెల్లరంగు కోసం గూఢచర్యం కేసు! పని విలువ ఎంతో తెలియడానికి ఇంతకు మించిన కొలత నాకు దొరకలేదు.

ఇప్పుడు ప్రపంచంలోని తెలుపు తయారీ సామర్థ్యంలో సగానికి పైగా చైనాదే. ఆ ధరకు తట్టుకోలేక ఐరోపా ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. వెనేటర్ అనే పెద్ద కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది. 2025 జనవరిలో ఐరోపా సమాఖ్య చైనా తెలుపు మీద అదనపు సుంకం స్థిరపరిచింది. ఇక్కడ మన దేశంలోనూ అదే వాదం. తయారుచేసేవాళ్లు సుంకం కావాలంటారు, కొనే పెయింటు కంపెనీలు వద్దంటాయి. మన వాడకంలో పెద్ద భాగం దిగుమతే. తయారీ అంటే ప్రధానంగా కేరళలో 1946 నాటి ట్రావెన్‌కూర్ టైటానియం, క్లోరైడు దారి పట్టిన చవర ఫ్యాక్టరీ. ఇసుక ఉన్న మన తీరంలో తెలుపు చేసే పెద్ద ఫ్యాక్టరీ లేదు. నీలానికి ఏ గనీ లేకుండానే మనవాళ్లు ఎగుమతిదారులయ్యారు. 2025 మార్చిలో పుణే కంపెనీ సుదర్శన్, రెండు వందల ఏళ్ల చరిత్ర ఉన్న జర్మనీ రంగుల సంస్థ హోయ్‌బాఖ్‌ను కొనేసింది. చేతకాని వాళ్లం కాదు మనం. నాకు బాధ కలిగేది అందుకే.

అయితే నేను ఫ్యాక్టరీ కావాలని అడిగే ముందు కోర్సికా బెస్తవాళ్ల మాట చెప్పి తీరాలి. 1972లో ఇటలీలోని స్కార్లినోలో మాంటెడిసన్ కంపెనీ తెలుపు తయారుచేసి, మిగిలిన ఆమ్లపు ఎర్ర బురదను ఓడల్లో తీసుకెళ్లి కోర్సికా దీవి దగ్గర సముద్రంలో పోసింది. చేపల మీద బతికే ఊళ్లు తిరగబడ్డాయి. బాస్తియా పట్నంలో జనం వీధుల్లోకి వచ్చారు. ఇటలీ కోర్టు కంపెనీ పెద్దలను శిక్షించింది. ఆ గొడవ తర్వాతే, 1978లో, తెలుపు ఫ్యాక్టరీల వ్యర్థాల మీద ఐరోపాకు ఒక చట్టం వచ్చింది.

మన ఒడ్డునా వలలు ఆరబెట్టుకునే ఊళ్లున్నాయి. నల్ల ఇసుక ఉన్నచోటే వాళ్ల పడవలున్నాయి. ఇసుకతో పాటు అలలను ఆపే దిబ్బలు పోతే ఇల్లు పోయేది వాళ్లది. అందుకే నేను అడిగేది ఇది: ఇసుక బస్తాల్లో ఓడెక్కడం ఆగాలి, తెలుపు ఇక్కడే తయారవ్వాలి, దానికి కష్టమైన దారే పట్టాలి, ఒక్క చుక్క ఆమ్లం సముద్రంలో పడకూడదు. ఎంత తవ్వారో, దిబ్బను తిరిగి ఎంత నింపారో ఆ ఊళ్ల సభలో లెక్క చెప్పాలి. ఈ షరతులకు ఒప్పుకోని వాళ్లు వస్తే, వంశధార తెచ్చిన ఆ ఇసుకను అక్కడే ఉండనివ్వండి. కెరటం దాన్ని చెరుగుతూనే ఉంటుంది.